పెనం అంత మచ్చ

పూల్ వెనక పంపు గది,
మధ్యాహ్నం

చేపపిల్లకి,

మీ అన్నయ్య పెట్టిన పేరుతోనే మొదలుపెడుతున్నాను, కోప్పడకు. నువ్వు కొండ మీద హోటలు పూల్ చూసుకోవడానికి వెళ్ళిపోయాక ఇంట్లో ఆ పేరు వినపడటమే లేదు. అక్కడ ఫోన్ అందదని, సరుకుల వ్యాన్‌లో వచ్చే ఉత్తరాలే గతి అని తెలియగానే మీ అన్నయ్య, "ఉత్తరం రాయడం కంటే నాకు బస్సు తోలడమే సులువు, నువ్వే రాయి" అని తప్పుకున్నాడు.

పోతూ పోతూ నీ ఉద్యోగం నాకు ఇప్పించావు గానీ, దాంతోపాటు కాస్త ధైర్యం కూడా ఇచ్చి పోవాల్సింది. మోకాలు దాటి నీళ్ళుంటే నాకు గుండె దడ. అలాంటిదాన్ని తీసుకొచ్చి ఈ అపార్ట్‌మెంట్ల పూల్ నా నెత్తిన పెట్టావు చూడు, నిన్ను ఏమనాలో తెలియడం లేదు. గట్టు మీద నిలబడి, పొడుగాటి కర్రకి బ్రష్ బిగించి రుద్దుతున్నాను. సాయంత్రానికి భుజాలు నావి కావు.

అసలు బాధ మచ్చలతో. ఎండలు ముదిరి జనం రావడం మొదలయ్యేలోపు మేనేజరు వచ్చి చూస్తాడట. పూల్ అడుగు శుభ్రంగా ఉంటే ఉద్యోగం ఖాయం, లేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటారట. చూడబోతే మూడు రకాల మచ్చలున్నాయి. చెట్టు కింది మూలలో టీ ఒలికినట్టు గోధుమరంగు మరకలు. మెట్ల దగ్గర మిరియాలు చల్లినట్టు నల్ల చుక్కలు, చచ్చినా ఊడవు. ఇక లోతు వైపు, గోడకి కాస్త ఇవతల, మన వంటింటి పెనం అంత గుండ్రటి మచ్చ. నడుమ నలుపు, అంచుల్లో ఎరుపు. తెల్లటి అడుగు మీద అదొక్కటే కళ్ళలో పొడిచినట్టు కనపడుతుంది. ఇన్నేళ్ళూ ఇక్కడ పనిచేసి దాన్ని ఎలా వదిలేశావే తల్లీ?

అత్తయ్య మాత్రం మహారాణిలా ఉంది. జనం లేవకముందే వచ్చి దిగుతుంది. నేల మీద మోకాళ్ళు పట్టుకుని మూలిగే మనిషి, నీళ్ళలో పడిందంటే ఆ చివర్నుంచి ఈ చివరికి ఎవరో లాక్కుపోతున్నట్టు పోతుంది. బయటికొచ్చాక నేను తువ్వాలు అందిస్తే, "నాకు చేతులున్నాయి లేవే" అంటుంది. తీసుకుంటుందనుకో, అది వేరే సంగతి.

మచ్చలకి మందేదో తొందరగా రాయి.

మీ వదిన

*

కొండ మీది హోటలు, సిబ్బంది గది

వదినమ్మ గారికి,

ఆడపడుచు మీద నేరాలు మోపడానికి నీకు మొదటి ఉత్తరమే దొరికిందా? సరే, భుజాలకి వేడినీళ్ళ కాపడం పెట్టుకో. తర్వాత ఇది చదువు.

మచ్చని చూడగానే రుద్దడం మొదలుపెట్టకు. ముందు అదేమిటో తేల్చుకో. చెట్టు కింది మరకలు ఆకులవి. కుళ్ళిన ఆకు రంగు దిగుతుంది. పాత మేజోడులో కాస్త క్లోరిన్ పొడి వేసి మూతి కట్టి, కర్రతో మరక మీద ఆనించి ఉంచు. పాలిపోయిందంటే ఆకు మరకే. అదే మందు ఇంకాస్త పడితే పోతుంది.

మెట్ల దగ్గరవి మచ్చలు కావు, నల్ల నాచు. దానికి ప్లాస్టర్‌లోపలికి వేళ్ళుంటాయి. పైన జిగురు పొర కప్పుకుని కూర్చుంటుంది, మందు లోపలికి దిగనివ్వదు. స్టీలు బ్రష్‌తో ఆ పొర చీల్చి, తర్వాత క్లోరిన్ బిళ్ళతో రుద్దు. మెట్లే కదా, నీకు మోకాలి లోతే. ఒకసారితో పోదు, విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ చెయ్యి. చేతికి గ్లవ్స్ లేకుండా బిళ్ళ ముట్టుకున్నావంటే ఊరుకోను.

ఇనుము మచ్చలైతే వేరు. వాటికి క్లోరిన్ తగిలితే ఇంకా ముదురుతాయి. విటమిన్ సి బిళ్ళ పెడితే తెల్లబడతాయి. అది తెలుసుకోవడానికే చెప్తున్నాను, నీకు ఆ అవసరం రాదు.

ఆ పెద్ద మచ్చ జోలికి మాత్రం పోకు. అది సిమెంటు లోపలి ఇనుప కంబి తుప్పు. కెలికితే ప్లాస్టర్ పెచ్చులూడి కొత్త తలనొప్పి మొదలవుతుంది. మేనేజరు అడిగితే నేనే చెప్పానని చెప్పు.

అమ్మ రోజూ దిగుతోందా? ఎన్నిసార్లు అటూ ఇటూ తిరుగుతోంది, గోడ దగ్గర ఎలా మలుపు తీసుకుంటోంది, అన్నీ రాయి. నాకు ఇక్కడ కాలక్షేపం లేదు, అందుకని.

నీ చేపపిల్ల

*

పంపు గది

చేపపిల్లా, కూర్చుని చదువు, లేకపోతే పడిపోతావు!

చెట్టు కింద మరకలు పోయాయి. మేజోడు మీ అన్నయ్యది, దాన్ని వెతుక్కుంటూ ఆయన ఇల్లంతా తిరిగాడు, నేను నోరు మెదపలేదు. మెట్ల దగ్గర నల్ల నాచు నా తల ప్రాణం తోకకి తెచ్చింది గానీ, చివరికి అదీ పోయింది. అక్కడితో ఆగుదామనే అనుకున్నాను. కానీ ఆ గుండ్రటి మచ్చ రోజూ నన్ను చూసి వెక్కిరిస్తుంటే ఎలా ఆగను చెప్పు?

వాచ్‌మన్‌తో మాట్లాడుతుంటే తెలిసింది. ఏదో గాలివానకి ఇనుప గొడుగు స్టాండు నీళ్ళలో పడి, చాలాకాలం ఎవరూ తియ్యలేదట. స్టాండు అడుగు గుండ్రంగా ఉంటుంది కదా! సరే చూద్దామని విటమిన్ సి బిళ్ళల్ని నలిపి, రెండో మేజోడులో కట్టి, కర్రతో మచ్చ నడుమ నొక్కి పట్టాను. తీసి చూస్తే అక్కడ తెల్లగా ఒక కన్ను! కంబీ లేదు, పెచ్చూ లేదు. ఇంత తెలిసినదానివి, నువ్వు కూడా పొరపడతావన్నమాట. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది, అబద్ధం ఎందుకు.

ఆ తర్వాత పూల్ మందుల కొట్టువాడిని అడిగి అన్నీ పద్ధతిగానే చేశాను. నీళ్ళలో క్లోరిన్ బాగా తగ్గేదాకా ఆగి, విటమిన్ సి పొడి వేశాను. కరిగిన ఇనుము మళ్ళీ అడుక్కి చేరకుండా పట్టి ఉంచే మందు కూడా పోశాను. ఇప్పుడు చూస్తే అడుగంతా ఒకే తెలుపు. ఈ చివర నిలబడి చూస్తే ఎక్కడ అడుగు, ఎక్కడ గోడ అన్నది తెలియనంత శుభ్రం. మేనేజరు దారిన పోతూ చూసి, "ఇలాగే ఉంచమ్మా, వచ్చే నెల సంతకం పెట్టేద్దాం" అన్నాడు.

అత్తయ్యకి చూపిద్దామని పిలిస్తే, "ఊఁ, బాగుంది" అని పుల్ల విరిచినట్టు అంది. నిన్నటి నుంచి దిగడం లేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయట. ఈ ఎండల్లో!

మీ వదిన

*

సిబ్బంది గది

వదినా,

అమ్మ ఇప్పటికీ దిగడం లేదా? మచ్చ పోయిన రోజు దిగిందా? ఆ రోజు నువ్వు గట్టు మీద ఉన్నావా, పంపు గదిలో ఉన్నావా?

ఆవిడ చేతులు చూడు. వేళ్ళ కణుపులు చూడు, నుదురు చూడు. అడిగితే చెప్పదు, మాట కలిపి దగ్గర కూర్చుని చూడు. వ్యాన్ కిందికి పోతోంది, ఇంతకంటే రాయలేను.

చేపపిల్ల

*

ఇల్లు, వంటింటి బల్ల

చేపపిల్లకి,

కుడిచేతి కణుపులన్నీ చెక్కుకుపోయాయి. గుడ్డ చుట్టుకుని కొంగు కింద దాచుకుంది. నుదుటి మీద జుట్టు కిందికి దువ్వుకుంటుంటే కొత్త సింగారం అనుకున్నాను. కింద బొప్పి. అడిగితే, "తలుపు తగిలింది" అంది. ఏ తలుపని అడిగితే, "ఇంట్లో తలుపులకి కరువా?" అని మొహం తిప్పుకుంది.

పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుంటోంది. మోకాళ్ళు మళ్ళీ వాచాయి. పట్టుమని రెండు ముద్దలు తినడం లేదు. నిన్న నేను ఉండబట్టలేక, "నా మీద కోపమా అత్తయ్యా? కూతురి ఉద్యోగంలో నేను చేరానని కష్టంగా ఉందా?" అని అడిగేశాను. ఆవిడ, "నీ మీద నాకేం కోపమే? నువ్వు పని బాగా చేశావు" అంది. అని ఏడ్చింది. మా పెళ్ళయ్యాక ఆవిడ ఏడవడం నేను చూడలేదు.

ఇప్పుడు నువ్వు చెప్పు. కొండ మీద కూర్చున్నదానివి, కణుపుల సంగతి నీకెలా తెలిసింది? నీళ్ళు నమలకుండా చెప్పు.

వదిన

*

సిబ్బంది గది

వదినా,

చెప్తాను. అమ్మకి నేను ఒట్టు వేశాను, అది ఇప్పుడు తప్పుతున్నాను.

అమ్మకి చూపు పోతోంది. నేను వచ్చే ముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నడిమి చూపు మసకబారిందని, పోయింది ఇక రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని చెప్పారు. మందు బిళ్ళలు వేసుకుంటోంది, ఎప్పుడు వేసుకుంటుందో నువ్వు చూసి ఉండవు. ఇంట్లో అన్నీ చేతికి అలవాటైన చోట్లే కాబట్టి మీకు తెలియలేదు. నువ్వు గిన్నెలు చోటు మార్చినప్పుడల్లా ఆవిడ కసురుకునేది అందుకే.

నీళ్ళలో మాత్రం ఆవిడకి భయం లేదు. తెల్లటి అడుగు మీద ఆ నల్లటి మచ్చ ఒక్కటే ఆవిడకి కనపడేది. అది కిందికి రాగానే చెయ్యి చాచితే గోడ అందుతుంది. తిరుగుతుంది. ఆ ఒక్క గుర్తుతో ఈదుతోంది. నేను దాన్ని తియ్యలేక వదిలెయ్యలేదు వదినా. నన్ను అందరూ బద్ధకస్తురాలన్నా ఊరుకున్నాను. కంబి అని నీకు చెప్పింది అబద్ధం. నీ బుర్ర ఇంత పాదరసమని నాకు తోచలేదు.

నీకు చెప్పమని అమ్మని ఎంతో బతిమాలాను. ఏమందో తెలుసా? "కోడలికి తెలిస్తే చెయ్యి పట్టుకుని నడిపిస్తుందే. ఆ పిల్ల మంచిది. ఒకసారి ఆ చెయ్యికి అలవాటు పడ్డానంటే ఇక నా అంతట నేను లేవను" అంది. పైగా చూపు సరిగ్గా లేనివాళ్ళు ఒంటరిగా దిగకూడదని పూల్ గోడ మీద రూలు రాసే ఉంది. అది బయటపడితే ఈత బంద్. ఆ భయం కూడా.

తిట్టాలంటే నన్ను తిట్టు. నీకు తెలిసిందని అమ్మ దగ్గర మాత్రం బయటపడకు.

చేపపిల్ల

*

పంపు గది

ఓ మహాతల్లీ,

తిట్టాను. రోజంతా తిట్టాను, చీపురుతో పంపు గది ఊడుస్తూ బయటికే తిట్టాను. ఒక ఇంట్లో ఉంటూ, ఆవిడ కంచం కడుగుతూ, ఆవిడకి నా మొహం సరిగ్గా కనపడటం లేదని నాకు తెలియకపోవడం ఏమిటి? గిన్నెల దగ్గర కసిరిందని నేను మీ అన్నయ్యకి చాడీలు కూడా చెప్పాను. అది తలుచుకుంటే అన్నం సహించలేదు. నువ్వు చెప్పి ఉండాల్సింది. చెప్పి ఉంటే నేనూ ఒట్టు వేసేదాన్ని కదా.

సరే, తిట్టడం అయింది. తర్వాత పని మొదలుపెట్టాను.

ఇనుము మచ్చ కావాలంటే ఇనుము కావాలి. మన పాత పెనం కొలత సరిగ్గా సరిపోయింది. కాడకి తాడు కట్టి, గట్టు మీద బోర్లా పడుకుని, పాత మచ్చ ఉన్నచోటు కళ్ళ కొలతతో చూసుకుని మెల్లగా దింపాను. ఆవిడ ఎలాగూ దిగడం లేదు, ఇంకెవరూ రాని రోజులు. మీ అన్నయ్య, "పెనం ఏదే?" అని అడిగితే, "సొట్ట తీయించడానికి ఇచ్చాను" అన్నాను. ఆయనకి పెనానికి సొట్ట ఉందో లేదో ఎన్నడు తెలుసు గనక!

ఇన్నాళ్ళూ మచ్చలు పోగొట్టడానికి ఎంత ప్రయాసపడ్డానో, మచ్చ పడటానికి అంతకంటే ఎక్కువ కాచుకుని కూర్చున్నాను. రోజూ తాడు లాగి చూడటం, మళ్ళీ దింపడం. మొదట లేత ఎరుపు. తర్వాత ముదిరింది. ఇనుముని పట్టి ఉంచే ఆ మందు పొయ్యడం మానేసి, క్లోరిన్ కాస్త పెంచాను. నిన్నటికి నల్లటి గుండ్రం, అంచులు ఎర్రగా, అచ్చం పాతదే.

పెనం తీసి దాచి, ఇవాళ ఇంటికొచ్చి ఆవిడకి వినపడేలా గట్టిగా అరిచాను. "ఇదేం ఖర్మ అత్తయ్యా! ఆ పాడు మచ్చ మళ్ళీ వచ్చింది చూడండి, ఇనుము నీళ్ళలోనే ఉండిపోయిందట!" ఆవిడ కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగింది. కాసేపటికి, "నా ఈత బట్టలు ఎక్కడ పెట్టావే?" అంది. ఆ మాట వినగానే నేను ఉప్పు డబ్బాలో చెంచా వెతుకుతున్నట్టు తల దించుకుని ఏడ్చాను.

రేపు దిగుతుంది. భయంగా ఉంది చేపపిల్లా.

మీ వదిన

*

సిబ్బంది గది

వదినా,

ఉత్తరం చదివి ఒకటే నవ్వు, ఒకటే ఏడుపు. తోటివాళ్ళు ఇంట్లో ఏమైందని కంగారుపడ్డారు. పూల్ పనివాళ్ళలో పెనంతో మచ్చ వేసినదానివి నువ్వొక్కదానివే అయి ఉంటావు.

కానీ మేనేజరు సంగతి? అతనికి నువ్వు తెల్లటి అడుగు చూపించావు. ఇప్పుడు ఈ మచ్చ చూస్తే పని చేతకాలేదనుకుంటాడు. సంతకం పెట్టడు. నీకు ఆ ఉద్యోగం ఎంత కావాలో నాకు తెలుసు. మేనేజరు నీ పని చూసి మెచ్చుకున్నాడని రాశావు చూడు, ఆ ముక్క నేను దాచుకున్నాను. నా పేరు చెప్పు, మచ్చ పోదని నేనే అన్నానని చెప్పు.

ఇంకొక మాట. గట్టు మీది నుంచి చూస్తే నీళ్ళలో వస్తువు ఉన్నచోట ఉన్నట్టు కనపడదు. కళ్ళ కొలతతో దింపానన్నావు. అమ్మ మొదటిసారి దిగినప్పుడు గోడ దగ్గరే నిలబడు.

చేపపిల్ల

*

ఇల్లు, వంటింటి బల్ల

చేపపిల్లకి,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. అప్పటికే అంతా అయిపోయింది. మొదటి నుంచి చెప్తాను.

ఆవిడ దిగింది. నేను గోడ దగ్గరే నిలబడ్డాను, నువ్వు చెప్పకపోయినా. చెయ్యి చాచింది, గోడ అందలేదు. ఒక్క క్షణం నీళ్ళలో తడుముకుంది. మళ్ళీ ఒక్క తన్ను తన్ని గోడ పట్టుకుంది. తిరిగింది. రెండోసారికి ఆ తేడా చూసుకుని ఈదింది, మూడోసారికి పాత అత్తయ్య అయిపోయింది.

మేనేజరు వచ్చిన రోజు కూడా ఆవిడ అప్పుడే నీళ్ళలోంచి లేచింది. అతను అడుగు చూసి, "ఇదేమిటమ్మా, పోయిందన్నావు?" అన్నాడు. నీ పేరు చెప్పడానికి నాకు నోరు రాలేదు. "మళ్ళీ వచ్చిందండీ" అన్నాను. "వస్తూనే ఉంటే ఎలా? ఇంకొకతను అడుగుతున్నాడు, అతన్ని పిలిపిస్తాను. పని రానప్పుడు ముందే చెప్పాలి" అన్నాడు. నిజం చెప్తే ఆవిడ ఈత పోతుంది. చెప్పకపోతే నా పని పోతుంది. పని పోతే పోనీలే అనుకున్నాను, కానీ కళ్ళు నా మాట వినలేదు.

తువ్వాలు చుట్టుకుని, గట్టు పక్కనున్న ఇనుప కమ్మీ పట్టుకుని ఆవిడ వచ్చింది. "పని రాక కాదు బాబూ, ఆ మచ్చ నాకోసం పెట్టింది. నాకు కళ్ళు కనపడవు" అంది. ఎంత మామూలుగా అందో! నీ చేత ఒట్టు వేయించి, నా దగ్గర దాచి, కణుపులు చెక్కుకుపోయినా నెపం తలుపు మీద పెట్టిన మనిషి, ముక్కూ మొహం తెలియని వాడి ముందు అనేసింది.

మేనేజరు తడబడ్డాడు. "మరి ఒంటరిగా దిగకూడదు కదండీ, రూలు ఉంది" అన్నాడు. "ఒంటరిగా ఎవరు దిగుతున్నారు? గట్టు మీద మా కోడలుంటుంది. ఈ పని దానికే ఉంటే రోజూ ఉంటుంది. ఇంకొకతను ఉంటాడా?" అంది. అతను వంగి ఆ మచ్చని చూశాడు. "పెద్దావిడ నీళ్ళలో ఉన్నంతసేపు నువ్వు ఇక్కణ్ణుంచి కదలడానికి వీల్లేదు" అన్నాడు నాతో. తర్వాత, "మచ్చ ఉంచితే అందరూ నన్ను అడుగుతారు. అది తీసేసి అక్కడ నల్ల పలక అతికిద్దాం. ఎక్కడ అతికించాలో గుర్తు పెట్టి ఉంచు, మేస్త్రీ వస్తాడు" అని సంతకం పెట్టేశాడు.

అతను వెళ్ళాక నేను ఆవిడ కాళ్ళ దగ్గర మెట్టు మీద కూలబడ్డాను. "మీకు ఎప్పుడు తెలిసింది అత్తయ్యా?" అన్నాను.

"ఇంట్లో పెనం పోయింది, పూల్‌లో మచ్చ వచ్చింది. నాకు కళ్ళు పోయాయి గానీ బుర్ర పోలేదే" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది. వేసి, "కానీ తప్పు చోట పెట్టావు. నాకు ఇంకొక తన్ను ఎక్కువ పడుతోంది. మేస్త్రీ వచ్చేలోపు సరిచెయ్యాలి" అంది.

"ఎక్కడ పెట్టాలో చెప్పండి, పెనం మళ్ళీ దింపి కర్రతో జరుపుతాను" అన్నాను.

"గట్టు మీది నుంచి పెట్టే కదా తప్పావు. దిగు."

"నాకు నీళ్ళంటే భయం అత్తయ్యా, మీకు తెలుసుగా."

"మెడదాకా ఉంటాయి అంతే. నేను పట్టుకుంటాను."

దిగాను, చేపపిల్లా. చీరతోనే దిగాను, ఒక చేత్తో పెనం, ఇంకొక చేత్తో ఆవిడ చెయ్యి. నీళ్ళు నడుము దాటాయి, భుజాలు దాటాయి, నా కేకలకి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ కాలితో గోడ తడిమి, ఒక చెయ్యి చాచినంత దూరం వెనక్కి జరిగి కొలుచుకుని, "ఇదిగో, ఇక్కడ" అంది. కాళ్ళ దగ్గర పెనం వదిలాను. ఊగుతూ వెళ్ళి అడుగున కూర్చుంది.

"అత్తయ్యా, చెయ్యి వదలకండి" అన్నాను.

"నువ్వూ వదలకు" అంది.

మీ వదిన